తాగేశాక వచ్చే తీపి

షార్జా,
శుక్రవారం మధ్యాహ్నం.

మా అప్పకి,

చెల్లెలు సత్యవతి దణ్ణాలు పెట్టి రాస్తున్న ఉత్తరం. నేనిక్కడ బాగున్నాను. అలవాటుకొద్దీ రాస్తున్న మాట కాదు అప్పా, నిజంగానే బాగున్నాను. నువ్వెలా ఉన్నావు? కాళ్ళ వాపు పూర్తిగా దిగిందా? బీపీ బిళ్ళ పొద్దున్నే నీ అంతట నువ్వే వేసుకుంటున్నావా, గౌరి గుర్తు చేస్తే గానీ వేసుకోవడం లేదా? బావ మోకాలు ఎలా ఉంది? చెరకు తోటలో నీళ్ళు నిలిచిపోయాయని గౌరి చెప్పింది. కాలవ తీయడానికి బావ ఒక్కడే దిగకుండా చూడు. గౌరికి డిగ్రీ పరీక్షలు అయిపోయాయి కాబట్టి ఇంట్లోనే ఉంటుంది, నీకు కాస్త తోడు. నీ కూతురు వండుతోందా, ఫోను చూసుకుంటూ కూర్చుంటోందా?

నా గదిలో ఉండే దేవరాపల్లి సూర్యకాంతం మూడు నెలల సెలవు ముగించుకుని పోయిన ఆదివారం తిరిగి వచ్చింది. నువ్వు పంపిన ఆవకాయ, కందిపొడి, నీ ఉత్తరం, మూడూ భద్రంగా తెచ్చి ఇచ్చింది. ఆవకాయ సీసా మూత తియ్యగానే గదిలో ఉన్న నలుగురమూ అన్నం గిన్నె చుట్టూ చేరిపోయాం. "మీ అప్ప నన్ను ఒగ్గనేదే సత్తీ! బస్సుకి టైమైపోతంది అంటే ఇనిపించుకోదు, ఇంకో ముద్ద తిను అంటాది. ఇనిపించుకోదేటి, ఇనిపించదు కదా, అది మర్సిపోయి నాను అరుస్తన్నాను," అని సూర్యకాంతం నవ్వింది. నేనూ నవ్వాను. తర్వాత స్నానాల గదిలోకి వెళ్ళి కాసేపు నిలబడి వచ్చాను.

నీ ఉత్తరం నాలుగు వరుసలే. ఎన్నిసార్లు చదివానో. "తాగొద్దన్నావు, మానేసేను. కానీ ఎందుకో ఒక్కలూ సరిగ్గా సెప్పరు. పంచదార లేదంటారు, మరి తాగేసి గలాసు కడిగి బోర్లించినాక కూడా నోరు తియ్యగుంటాది, అదేటి? తీపి లేందే తీపెలా వస్తాది? నాలుగేళ్ళకి నోటికి తీపి తగిలింది. అదీ లాగేసుకున్నావు." అంతే రాశావు. కింద పేరు కూడా పెట్టలేదు. అంటే కోపం వచ్చిందన్నమాట.

ఇంకో సంగతి కూడా నాకు తెలుసు. నువ్వు మానేశానని రాశావు గానీ, ఒక టీ పేకెట్టు బియ్యం డబ్బాలో దాచావట. గౌరి మెసేజీ పెట్టింది. దాన్ని తిట్టకు, భయపడి చెప్పింది. అందుకే కూర్చుని ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నాను. ఫోనులో చెప్పే సంగతి కాదిది. టైఫాయిడ్ వచ్చి నీ చెవులు మందగించినప్పటి నుంచీ మనం వీడియో కాల్‌లో ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకుని నవ్వుకోవడమే గానీ మాటాడుకున్నదేముంది? మొదటి నుంచీ రాస్తాను, ఓపిగ్గా చదువు.

నేనిక్కడికి వచ్చి పందొమ్మిది నెలలు. మా టీ కంపెనీ ఊరి చివర ఉంటుంది. అవతలంతా ఇసుకే. పేరుకి టీ గానీ టీ ఆకు ఒక్క పలుకు ఉండదు. ఎక్కడెక్కడి దేశాల నుంచో బస్తాలు దిగుతాయి: ఎండిన చామంతులు, పుదీనా, సోంపు, దాల్చినచెక్క, ఎర్ర గోగుపూల తొడిమెలు. గోగుని చూసి మొదటి రోజు నాకు ఎంత సంబరమనుకున్నావు, మన దొడ్లో మనిషి కనిపించినట్టు అయింది. వాటన్నిటినీ దంచి కలిపి, దారం కట్టిన చిన్న చిన్న సంచుల్లో నింపే మిషను ఉంది. సంచులు సరిగ్గా అంటుకున్నాయో లేదో చూసి, లెక్కపెట్టి, డబ్బాల్లో పెట్టి మూత వేయడం నా పని. నిలబడే పని. సాయంత్రానికి బట్టలకీ జుట్టుకీ అదే వాసన. బస్సులో మేం ఎక్కగానే డ్రైవరు ఇస్మాయిల్, మన అనకాపల్లి అబ్బాయి, "టీ పేకెట్లొచ్చేసేయి," అంటాడు.

లోపల ఏసీ చల్లగా ఉంటుంది. బయటికి అడుగుపెడితే నాయన బెల్లం వండే పాకలో పొయ్యి ఎదురుగా నిలబడినట్టే. వేసవిలో నాలుగు నెలలు అలాగే. తిండికి లోటు లేదు. మెస్సులో అన్నం, పప్పు, చేప పెడతారు. చేప మాత్రం కొబ్బరినూనె వాసన. శుక్రవారం సెలవు, ఆ రోజు మేమే వండుకుంటాం. శుక్రవారమంటే నాకు భయం. పనిలో ఉన్నంతసేపూ ఏమీ అనిపించదు. సెలవు రోజు బట్టలు ఆరేసి వచ్చి మంచం మీద కూర్చుంటే, ఇప్పుడు అప్ప ఏం చేస్తోందో అని మొదలవుతుంది. పొద్దెక్కింది, గేదెకి కుడితి పెట్టి ఉంటుంది. బావ గోవాడ చక్కెర ఫ్యాక్టరీ వైపు వెళ్ళి ఉంటాడు. ఇలా రోజంతా నీ ఇంట్లోనే తిరుగుతూ ఉంటాను.

వచ్చిన ఆరో నెలలో అనుకుంటాను, ఒకరోజు నాణ్యత చూసే గదిలోకి డబ్బాలు ఇవ్వడానికి వెళ్ళాను. ఆ గదిలో హుదా అని ఈజిప్టు ఆవిడ ఉంటుంది. నా కంటే పదేళ్ళు పెద్ద. కలిపిన ప్రతి బస్తాలోంచీ కాస్త తీసి కాచి, రుచి చూసి సంతకం పెట్టేది ఆవిడే. హిందీ, ఇంగ్లీషు కలిపి మాటాడుతుంది, నేనూ అంతే, ఇద్దరికీ సరిపోతుంది. ఆ రోజు నా మొహం ఎలా ఉందో మరి, "కూర్చో, ఇది తాగు," అని ఒక గ్లాసు నా ముందు పెట్టింది.

తాగితే ఏముంది, గడ్డి కాచిన నీళ్ళలా, కొంచెం వగరుగా, సోంపు వాసనేస్తూ ఉంది. మర్యాదకి తాగేసి గ్లాసు కింద పెట్టాను. పెట్టాక మొదలైంది అప్పా. నాలుక వెనకనించి మెల్లగా తీపి వచ్చింది. వచ్చి పోలేదు. మిషను దగ్గరికి వెళ్ళాక కూడా ఉంది. నీళ్ళు తాగితే ఆ నీళ్ళే తియ్యగా ఉన్నాయి. ఎవరో నాకు తెలియకుండా నోట్లో బెల్లం ముక్క పెట్టినట్టు అనిపించింది. నాయన పాకం దించాక గరిటె అంచున మిగిలింది మనిద్దరికీ తమలపాకులో పెట్టి ఇచ్చేవాడు చూడు, సరిగ్గా అది కాదు గానీ, దాని చుట్టమే. ఆ మధ్యాహ్నమంతా నాకు ఇల్లు దగ్గరైనట్టు ఉంది.

మర్నాడు మళ్ళీ వెళ్ళి అడిగాను, అందులో ఏం వేశారని. హుదా ఒక పుల్ల తీసి చూపించింది. పైన గోధుమరంగు తోలు, లోపల పసుపు. చూడగానే గుర్తుపట్టాను. నాయనకి దగ్గు పట్టుకున్నప్పుడు ఆయుర్వేదం కొట్టు నుంచి తెచ్చి బుగ్గన పెట్టుకునేవాడే, అతిమధురం! వాళ్ళ దేశంలో దాన్ని కాచి, చల్లార్చి, ఇత్తడి కూజాలో పోసుకుని వీధుల్లో అమ్ముతారట. రంజాను నెలలో మరీ గిరాకీ అట. వాళ్ళ నాన్న సాయంత్రం ఒక ప్లాస్టిక్ సంచినిండా పోయించుకుని తెచ్చేవాడని చెప్పింది.

ఇంక అక్కడి నుంచి నాకు అదే పని. మా ఉద్యోగులకి చిరిగిన డబ్బాలు ఊరికే ఇచ్చేస్తారు. పెద్ద ఫ్లాస్కు కొనుక్కున్నాను. పొద్దున్న ఒకటి, పనిలోకి వెళ్ళాక రెండు, భోజనం అయ్యాక ఒకటి, గదికి వచ్చాక మళ్ళీ. సంచి ఒకటి వేస్తే చాలదని మూడేసి వేసేదాన్ని. ఆకలి కంటే, దాహం కంటే, దిగులు వేసినప్పుడే ఎక్కువ తాగేదాన్ని. నవ్వకు. నువ్వు ఉంటే నీ దగ్గరికి వచ్చి కూర్చునేదాన్ని కదా, అలా.

అప్పుడే నువ్వు గుర్తొచ్చావు. బెల్లం వండే ఇంట్లో పుట్టి, నాలుగేళ్ళ నుంచి షుగరు వల్ల చప్పటి టీ తాగుతున్నావు. నూకాలమ్మ జాతరలో కూడా అందరికీ పరమాన్నం వడ్డించి నువ్వు మజ్జిగన్నం తిన్నావని గౌరి చెప్పింది. ఇందులో పంచదార లేదు, బెల్లం లేదు, షుగరు పెరగదు, అప్పకి పంపిస్తే ఎంత బాగుంటుంది అనుకున్నాను. సూర్యకాంతం సెలవుకి వెళుతుంటే ఎనిమిది డబ్బాలు కట్టి ఇచ్చాను. "రోజూ తాగమను, ఎంతైనా తాగొచ్చని చెప్పు," అన్నాను. ఆ మాట నా నోటితో నేనే అన్నాను అప్పా. నీకు షుగరుతో పాటు బీపీ కూడా ఉందన్న సంగతి నాకు తెలుసు. తెలిసే అన్నాను. ఆ పుల్లకీ బీపీకీ సంబంధం ఉంటుందని ఎలా అనుకుంటాను?

నువ్వు మొదటి గ్లాసు తాగిన రోజు గౌరి వీడియో తీసి పంపింది. తాగేసి, మొహం చిట్లించి, "ఏటే ఇది, ఆకు కషాయం పంపింది దీని మొహం!" అన్నావు. అర నిమిషం తర్వాత నీ కళ్ళు పెద్దవయ్యాయి. నాలుక అంగిట్లో ఆడించి చూసుకున్నావు. "ఒసే గౌరీ, తియ్యగుందే! ఇప్పుడొస్తందే!" అన్నావు. ఆ వీడియో నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. మా గదిలో అందరికీ చూపించాను.

ఇప్పుడు నేను దాచిన సంగతి చెబుతాను.

సూర్యకాంతం ఊరికి వెళ్ళేసరికే నా కాళ్ళు వాచి ఉన్నాయి. నిలబడే పని కదా అనుకున్నాను. తలనొప్పి ఉండేది, ఎండకి అనుకున్నాను. తర్వాత తర్వాత మెట్లు ఎక్కుతుంటే తొడల్లో బలం లేకుండా పోయింది. రెండు చేతులతో ఎత్తే అట్టపెట్టె ఎత్తలేక కింద పెట్టేశాను. చేతివేళ్ళు కొంకర్లు పోయేవి. నీకు ఫోను చేసినప్పుడు కాళ్ళు కనబడకుండా మొహం ఒక్కటే చూపించేదాన్ని. ఒక మంగళవారం పదకొండు గంటలప్పుడు మిషను పక్కన నిలబడినదాన్ని నిలబడినట్టే కూలిపోయాను. తెలివి ఉంది, అందరి మాటలూ వినబడుతున్నాయి, లేవబోతే కాళ్ళు నావి కానట్టు ఉన్నాయి. గుండె ఒకసారి కొట్టుకుని, ఆగి, మళ్ళీ గబగబా కొట్టుకుంటోంది. అప్పా, ఆ క్షణంలో నాకు నిజంగానే ఇంక నిన్ను చూడననిపించింది.

ఆసుపత్రికి తీసుకెళ్ళారు. బీపీ చూసి నర్సు డాక్టరుని పరిగెత్తించింది. రక్తపరీక్షలో పొటాషియం బాగా పడిపోయిందన్నారు. చేతికి సెలైను పెట్టి డాక్టరు అడగడం మొదలెట్టాడు, బీపీ ముందునుంచీ ఉందా, వాంతులు అయ్యాయా, ఏం మందులు వాడుతున్నావు, నాటుమందు ఏమైనా తింటున్నావా? అన్నిటికీ లేదు, లేదు అన్నాను. టీ సంగతి నాకు తట్టనే లేదు. టీని ఎవరు మందనుకుంటారు?

మధ్యాహ్నం మూడింటికి హుదా చూడటానికి వచ్చింది. నా సంచి, చెప్పులు, ఫ్లాస్కు తెచ్చింది. మంచం పక్కన పెడుతూ ఫ్లాస్కు మూత తీసి వాసన చూసింది.

"ఇది రోజుకి ఎంత తాగుతావు?" అంది.

"అయిపోయేదాకా."

"అయిపోయాక?"

"మళ్ళీ కాచుకుంటాను."

ఆవిడ మొహం తెల్లబోయింది. "ఎన్నాళ్ళ నుంచి?" అని అడిగింది. నెలల నుంచి అన్నాను. ఫ్లాస్కు పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఇద్దరూ కలిసి వచ్చారు. డాక్టరు ఫ్లాస్కు చేతిలోకి తీసుకుని చూసి, "ఇదేనమ్మా," అన్నాడు. హుదా ఏడ్చింది. "మా వీధిలో ప్రతి పిల్లకీ తెలిసిన సంగతి, బీపీ ఉన్న ముసలివాళ్ళకి ఇది ఇవ్వకూడదని. నీకు చెప్పాలన్న ఆలోచనే నాకు రాలేదు, అలా తాగుతావని అనుకోలేదు," అంది. పాపం ఆవిడ తప్పేముంది? డబ్బా వెనక రాసే ఉంది అప్పా. ఇంగ్లీషులో, అరబ్బీలో, చిన్న అక్షరాలతో. బీపీ ఉన్నవాళ్ళు తాగకూడదు, ఎవరైనా సరే ఎక్కువ తాగకూడదు అని. ఆ డబ్బాలు వేలకివేలు నా చేతులతోనే మూశాను. ఒక్కసారి తిప్పి చదవలేదు.

హుదా బీపీ అన్న మాట అనగానే నా కాళ్ళు, నా గుండె, ఏవీ గుర్తు లేవు. "మా అప్ప తాగుతోంది," అని అరిచాను.

బావ ఫోను మోగుతూనే ఉంది, తియ్యలేదు. పొలంలో ఉన్నాడేమో. గౌరి ఫోను ఆపేసి ఉంది. నీ దగ్గర ఉండే పాత ఫోనుకి వీడియో చేశాను. అదృష్టం, చార్జింగు పెట్టుకుని నీ ఎదురుగానే ఉంది, వెలిగిన తెర చూసి తీశావు. నీకు గుర్తుందో లేదో, ఆ రోజు నువ్వెంత ఆనందంగా ఉన్నావో! అరుగు మీద కూర్చుని ఉన్నావు. నేను మంచం మీద ఉన్నానని కూడా గమనించలేదు. "సత్తీ! ఏటే ఈ టైములో సేసేవు? పన్లేదేటి?" అంటున్నావు. "అప్పా, టీ తాగకు, టీ తాగకు!" అని నేను అరుస్తుంటే వార్డు వార్డంతా నా వైపు చూస్తోంది. నువ్వు నా నోటి కదలిక చూసి 'టీ' అన్న ముక్క ఒక్కటీ పట్టుకున్నావు. "టీయా? అదుగో, ఇప్పుడే కాసుకున్నాను, సూడు!" అని గ్లాసు ఎత్తి నాకు చూపించి, నా ఎదురుగా, నన్ను సంతోషపెట్టడానికి, గటగటా తాగావు. తాగి, మూతి తుడుచుకుని నవ్వావు.

అప్పా, ఎంత అరిచినా నీకు వినబడదని నాకు తెలుసు. అయినా అరుస్తూనే ఉన్నాను. నర్సమ్మకి నా భాష రాదు గానీ నా చేతులు చూసి అర్థం చేసుకుంది. మందుల అట్టపెట్టె ఒకటి చింపి, మార్కరు తెచ్చి ఇచ్చింది. సెలైను ఉన్న చేత్తోనే రాశాను, ఇంతింత అక్షరాలు: "టీ తాగకు. నాకు జబ్బు చేసింది. నీకూ చేస్తుంది." తెర ముందు పట్టుకున్నాను. నువ్వు కళ్ళజోడు వెతుక్కున్నావు. ఎంతసేపు వెతికావో! పెట్టుకుని, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదివావు. అప్పుడు నా వెనకాల దిండు, నా చేతికి గొట్టం చూశావు. గ్లాసు కింద పెట్టావు. "నీకేటైందే తల్లీ?" అన్నావు. నాకు అమ్మ గొంతు గుర్తు లేదు. నీ గొంతే నాకు తెలిసిన అమ్మ గొంతు. ఆ గొంతుతో అడిగావు. నేను జవాబు చెప్పినా నువ్వు వినలేవు. అట్ట వెనక్కి తిప్పి, "బాగానే ఉన్నాను" అని రాసి చూపించాను.

ఆ తర్వాత జరిగింది నీకే తెలుసు. గౌరి ఇల్లు చేరగానే ఆటో పిలిచి నిన్ను చోడవరం ఆసుపత్రికి తీసుకెళ్ళింది. నీ బీపీ కూడా అలాగే ఉంది. నీ కాళ్ళూ రెండు వారాల నుంచి వాచే ఉన్నాయట. "సెప్తే అది కంగారు పడతాదని సెప్పలేదు," అన్నావట డాక్టరమ్మతో. నేనూ అదే అనుకుని దాచాను. ఇద్దరం ఒకరినొకరు కంగారు పెట్టకూడదని ఒకే విషాన్ని రెండు దేశాల్లో కూర్చుని తాగాం.

నేను ఆసుపత్రిలో ఐదు రోజులు ఉన్నాను. టీ మానేశాక, మందులు ఎక్కించాక మెల్లమెల్లగా బలం వచ్చింది. కాళ్ళు మామూలయ్యాయి. బీపీ దిగడానికి మాత్రం నెల పైనే పట్టింది. ఇప్పుడు ఏ బిళ్ళా లేదు. డాక్టరు నా ఎదురుగానే కాగితం మీద కొట్టేశాడు.

ఇక నువ్వు అడిగిన దానికి వస్తాను. తీపి లేందే తీపి ఎలా వస్తుందని కదా అడిగావు. నేనూ హుదాని అదే అడిగాను. ఆవిడ ఇలా చెప్పింది. నాలుక మీద తీపిని పట్టుకునే చోట్లు ఉంటాయట, కంటికి కనబడవు. వాటిని చిన్న చిన్న పీటలనుకో. పంచదార నోట్లో పడగానే వచ్చి పీట మీద కూర్చుంటుంది, నీళ్ళతో పాటు లేచి వెళ్ళిపోతుంది. అతిమధురంలో ఉండే సరుకు పంచదార కాదు, దాని కంటే ఎన్నో రెట్లు తియ్యనిది. నిదానంగా వస్తుంది, అందుకే మొదట వగరే తెలుస్తుంది. వచ్చి కూర్చున్నాక లేవమన్నా లేవదు. గ్లాసు కడిగి బోర్లించాక కూడా నీ నోరు తియ్యగా ఉన్నది అందుకే.

ఆవిడ ఇలా చెబుతుంటే నాకు నువ్వు చేసిన మోసం గుర్తొచ్చింది! నాకు ఆరేళ్ళు ఉంటాయేమో, నాయన వండిన బెల్లం దిమ్మల దగ్గర చేరి గోళ్ళతో గీరుకుని తింటున్నానని, నువ్వు కంచె మీది పొడపత్రి ఆకు కోసి, "ఇది నమిలితే బెల్లం ఇంకా తియ్యగుంటాది సూడే," అన్నావు. నమిలాను. తర్వాత బెల్లం నోట్లో వేసుకుంటే మట్టిగడ్డ! నేను ఏడుస్తూ, బెల్లం చచ్చిపోయిందని నాయన దగ్గరికి పరిగెత్తాను. నువ్వు పడీపడీ నవ్వావు. ఇదంతా చెబితే హుదా కూడా అలాగే నవ్వింది. ఆ ఆకు ముందుగా వెళ్ళి ఆ పీటలన్నీ పట్టేసుకుంటుందట, బెల్లానికి చోటు ఉండదు. బెల్లంలో తీపి ఎక్కడికీ పోలేదు, నాలుకే దాన్ని అందుకోలేకపోయింది. ఈ సంగతి నా కంటే ముందు నీకే తెలుసు అప్పా, పేరు తెలియదంతే.

మరి నోటికి అంత మంచిగా ఉన్నది ఒంటికి ఏం చేస్తుందంటే, మూత్రపిండాల దగ్గర ఉప్పుని బయటికి పోనివ్వదు, పొటాషియాన్ని లోపల నిలవనివ్వదు. ఉప్పు ఉన్నచోట నీరు చేరుతుంది, కాళ్ళు వాస్తాయి, బీపీ ఎక్కుతుంది. పొటాషియం పోతే కండల్లో బలం పోతుంది, గుండె కొట్టుకునే వరస తప్పుతుంది. నాయన దగ్గుకి ఒక పుల్ల రెండు రోజులు చప్పరించి పారేసేవాడు, అది మందు. మనం తాగింది రోజూ, చెంబులకి చెంబులు. అందుకని నాయన మీద అనుమానం పెట్టుకోకు. పక్కింటి వాళ్ళకి ఎవరికైనా ఇచ్చి ఉంటే, వాళ్ళనీ అడిగి మాన్పించు.

బియ్యం డబ్బాలోది తీసి గౌరికి ఇచ్చెయ్యి. నేను కోప్పడటం లేదు. నీ కష్టం నాకు తెలుసు. ఎన్నాళ్ళకో నోటికి అందిన దాన్ని వదులుకోమంటున్నాను. నేను కూడా వదులుకున్నాను. ఇప్పుడు శుక్రవారాలు మళ్ళీ పొడుగ్గానే ఉన్నాయి. హుదా నీ కోసమని తన చేత్తో సోంపు, గోగు, కొద్దిగా దాల్చినచెక్క కలిపి ఒక చిన్న డబ్బా ఇచ్చింది, అందులో అతిమధురం పొల్లు కూడా లేదు. ఇస్మాయిల్ వచ్చే వారం ఊరికి వస్తున్నాడు, ఈ ఉత్తరంతో పాటు తెచ్చి ఇస్తాడు. అయినా నా మాట మీద తాగకు. గౌరి దాన్ని డాక్టరమ్మకి చూపించి, ఆవిడ సరే అంటేనే రోజుకి ఒక్క గ్లాసు. అదంత తియ్యగా ఉండదు, ముందే చెబుతున్నాను.

ఇక్కడ మా ఉద్యోగుల గదిలో ఆ డబ్బాల మీద నేనే మార్కరుతో తెలుగులో రాస్తున్నాను, బీపీ ఉన్నవాళ్ళు తాగొద్దు, ఇంటికి పంపొద్దు అని. సూపర్‌వైజరు చూసి ఏమీ అనలేదు. ఒక నేపాల్ అమ్మాయి వాళ్ళ భాషలో కింద ఇంకో వరస రాసింది.

ఇంకొక్క మాట, కాదనకు. గౌరితో విశాఖపట్నం వెళ్ళి చెవుల డాక్టరుకి చూపించుకో. రెండేళ్ళ నుంచి అడుగుతున్నాం, "ఇప్పుడు నానేటి ఇనాలి, ఇన్నది సాలు," అంటున్నావు. నువ్వు వినవలసింది చాలా ఉంది అప్పా. ఆ రోజు అంత అరిచాను, ఒక్క ముక్క నీకు చేరలేదు. నాకు ఆ భయం ఇంకా పోలేదు. చెవిలో పెట్టుకునే మిషనుతో కొంతైనా వినబడొచ్చని గౌరి కనుక్కుంది. ఒక్కసారి వెళ్ళి రా.

కంపెనీ వాళ్ళు నన్ను హుదా గదిలోకి మారుస్తామన్నారు. కూర్చుని చేసే పని. కానీ ఇంకో రెండేళ్ళకి సంతకం పెట్టమన్నారు. ఇదివరకైతే నిన్ను అడగకుండానే పెట్టేసేదాన్ని. ఈసారి కాగితం అక్కడే ఉంచి, ముందు మా అప్పని చూసి రావాలి, వచ్చాక చెబుతానన్నాను. నలభై రోజులు సెలవు ఇచ్చారు. నిన్న చేతికి టికెట్టు వచ్చింది. తేదీ గౌరికి పంపాను, క్యాలెండరు మీద సున్నా చుట్టి చూపిస్తుంది.

పెద్దమావకీ అత్తకీ నా నమస్కారాలు. బావకి దణ్ణాలు. గౌరికి ముద్దులు, తల నిమిరానని చెప్పు. నీ కాళ్ళకి దణ్ణం పెట్టుకుంటున్నాను, చల్లగా ఉండమని దీవించు. విమానాశ్రయానికి ఎవరూ రావొద్దు, బస్సు పట్టుకుని నేనే వచ్చేస్తాను. పగలే చేరతాను. వంటింట్లో ఉన్నావంటే నేను తలుపు కొట్టినా, పిలిచినా నీకు తెలియదు. ఆ రోజు వీధి తలుపు తీసి ఉంచు.

నీ చెల్లెలు,
సత్యవతి